చదివేది మేము, సంతకం ఎవరిది?

వకీలు వృత్తికి మతం లేదంటారు. నల్లకోటు వేసుకున్నాక అందరూ ఒకటేనంటారు. బార్ అసోసియేషన్ గదిలో టీ తాగుతూ ఈ మాట చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వాళ్లకెప్పుడూ అవసరం పడలేదు, ఆలోచించలేదు, అంతే. కోటు ఒకటే, నిజమే. వకాల్తా మీద పేరు రాయాలి కదా! అక్కడికొచ్చేసరికి షేకో, సయ్యదో, పఠానో, దూదేకులో బయటపడక తప్పదు.

కొట్లాట కేసులో ఇరుక్కున్నవాడు బెయిలు కోసం లాయరు మతం చూడడు. తెల్లారేసరికి కొడుకు ఇంటికి రావాలి, వాడికి అదొక్కటే కావాలి. భూమి సంగతి అట్లా కాదు. భూమి కాగితాలంటే ఇంటి గుట్టు. తాత ఎవరికి ఎంత రాశాడు, ఆడబిడ్డకు ఎంత ఎగ్గొట్టారు, అన్నదమ్ముల్లో ఎవరి వాటా ఎవరు దున్నుతున్నారు, ఏ సర్వే నంబరులో ఎంత ప్రభుత్వ భూమి కలుపుకున్నారు, అన్నీ ఆ సంచిలో ఉంటాయి. ఆ సంచిని మనవాడు అనుకున్నవాడి ముందే విప్పుతారు. ఈ దేశంలో ‘మనవాడు’ అనే మాటకు అర్థం ఏమిటో నేను చెప్పాలా?

ముస్లిం అస్తిత్వం అనగానే మనం మసీదు గురించి రాస్తాం, భాష గురించి రాస్తాం, బురఖా గురించి, అల్లర్ల గురించి రాస్తాం. రిజిస్ట్రారాఫీసు గురించి రాయం. అక్కడ ఈసీ కోసం లైన్లో నిలబడ్డ కుర్ర వకీలు గురించి అసలే రాయం. వాడి బతుకు పైకి ఎక్కే మెట్లు ఎక్కడ విరిగిపోతున్నాయో ఎవరికీ పట్టదు. నేను రాస్తున్నది వాడి గురించే.

మా పెద్దమండ్యం వైపు వాననమ్ముకుంటే వేరుశనగ, బోరునమ్ముకుంటే టమాటా. రెండూ నమ్మలేనివాడు బెంగళూరు, కాదంటే కువైటు. 1911కు ముందు మేము కడప జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, దఫ్తరం తిరుగుతోంది. ఊరి భూమి చరిత్ర కావాలంటే ఆ దఫ్తరం వెనకాల తిరగాలి. తిరిగేదెవరు? జూనియరు.

సీనియరు ఆఫీసులో వాడి పని ఇది. ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు వరసగా పేర్చాలి. అడంగల్, 1బి, ఎఫ్ఎంబీ, ఆర్ఎస్ఆర్ తెప్పించాలి. ఇనాం భూమి అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు తేవాలి. డీకేటీ పట్టా అయితే ఎప్పుడు ఇచ్చారు, 1977 అసైన్డ్ చట్టానికి ఎక్కడ దొరుకుతుంది, 2023లో ఇరవై ఏళ్లు దాటినవాటికి అమ్ముకునే వీలు ఇస్తూ చేసిన సవరణ దీనికి వర్తిస్తుందా, చూడాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితాలో నంబరు ఉందా లేదా చూడాలి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరాఫీసులో ఫైళ్లు తగలబడ్డాయి. అందులో ఈ 22ఎ భూముల ఫైళ్లు ఉన్నాయి. కేసు సీఐడీ దాకా పోయింది. కాగితాన్ని కాల్చేదాకా వెళ్లారంటే ఆ కాగితం విలువ ఎంతో తెలుస్తుంది. ఆ కాగితాన్ని వెతికి చదివే కుర్రాడి విలువ మాత్రం ఇంకా ఎవరికీ తెలియలేదు. నెలకు వాడి చేతికొచ్చేది పెట్రోలు డబ్బులు.

జూనియర్లందరిదీ ఇదే గతి కదా అంటారు. కొంతవరకు నిజం. రెడ్డిగారి అబ్బాయి కూడా లైన్లో నిలబడతాడు. అయితే సాయంత్రం వాడు ఇంటికి పోతే మామయ్య ఒక వెంచరు పని తెచ్చిపెడతాడు, చిన్నాయన ఒక పార్టిషన్ సూటు తెస్తాడు. మావాడు ఇంటికి పోతే పంక్చరు షాపు మూసి వచ్చిన అబ్బా, ఈ నెల ఎంత వచ్చిందిరా అని అడుగుతాడు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో జూనియర్లకు పట్టణాల్లో 20,000, పల్లెల్లో 15,000 రూపాయలు ఇవ్వండని సీనియర్లకు సలహా చెప్పింది. సలహాకు ఖర్చేముంది? రాష్ట్రంలో 2019లో ‘లా నేస్తం’ పేరుతో మొదటి మూడేళ్లు నెలకు 5,000 రూపాయలు ఇచ్చే పథకం పెట్టారు. పేదింటి పిల్లలకు అది అద్దె డబ్బులు. పోనీ, ఈ బాధ ఎందుకు, జడ్జి పరీక్ష రాసుకోమందామా? 2025 మే 20న సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసు ఉంటేనే సివిల్ జడ్జి పరీక్ష అని తిరిగి పెట్టింది. ఆ మూడేళ్లు ఎవరు ఆకలి ఓర్చుకోగలరో వాళ్లకే ఆ కుర్చీ.

ఇక్కడ మా పేర్ల సంగతి చెప్పాలి. 1బిలో షేక్ మస్తాన్ సాహెబ్ అని ఉంటుంది. పాసు పుస్తకంలో ఎస్. మస్తాన్. ఆధార్‌లో షేక్ మస్తాన్ వలి. పాత సేల్ డీడులో ఉత్త మస్తాన్ సాయిబు. నలుగురూ ఒకడే. ఇంటిపేరు రాయమని ఒక గడి ఉంటుంది కదా, అందులో గుమస్తా షేక్ అని రాసేస్తాడు. అప్పుడు ఊళ్లో తురకలందరిదీ ఒకటే ఇల్లు! 2020 డిసెంబరులో రీసర్వే మొదలైనప్పుడు ఆ తప్పులన్నీ కంప్యూటరులోకి ఎక్కి మరింత గట్టిపడ్డాయి. బ్యాంకువాడు అప్పు ఇవ్వాలంటే ఈ నలుగురూ ఒకడేనని అఫిడవిట్ కావాలంటాడు. ఈ చిక్కు విప్పగలవాడు ఎవడు? మస్తాన్ వలి ఎట్లా మస్తాన్ సాయిబయ్యాడో తెలిసినవాడు. మాట మాత్రంగా చేసిన హిబా చెల్లుతుందా అని సందేహం వస్తే, మన రాష్ట్రం నుంచే వెళ్లిన హఫీజా బీబీ కేసులో 2011లో సుప్రీంకోర్టు రిజిస్టరు కాని హిబానామా చెల్లుతుందని చెప్పిందని గుర్తుచేయగలవాడు. 1800లో కంపెనీవాళ్ల చేతికి పోకముందు మా ప్రాంతం మైసూరు సుల్తానుల కింద, ఆ తర్వాత నిజాం కింద ఉంది. ఎప్పుడో ఒక దర్గా ఇనాం కేసులో ఫార్సీ సనదు బయటపడుతుంది. దాన్ని చదవడానికీ వీడినే పిలుస్తారు. పాపం, వీడికి ఫార్సీ రాదు. వీడికొచ్చింది తెలుగే. అయినా పిలుస్తారు, సాయిబు కదా!

అంటే మేము పనికొస్తాం. చాలా పనికొస్తాం. పనికొచ్చిన మూలలోనే కట్టిపడేస్తారు. ‘ఆ సాయిబుల ఫైలు వీడికివ్వండి’ అంటారు. సాయిబుల ఫైలు కాని ఫైలు వచ్చినప్పుడు మాత్రం క్లయింటు ముందు కూర్చోబెట్టరు. ఒపీనియను మొత్తం వీడే రాస్తాడు. పదహారు పేజీలు. సర్వే నంబర్లు, హద్దులు, వారసుల చెట్టు, లోపాలు, కావాల్సిన కాగితాల జాబితా, అన్నీ. పదహారో పేజీ కింద సీనియరు సంతకం. బ్యాంకుకు తెలిసింది ఆ సంతకం. బిల్డరుకు తెలిసింది ఆ సంతకం. అయిదేళ్ల తర్వాత మావాడి దగ్గర వందల ఒపీనియన్ల అనుభవం ఉంటుంది, ఒక్క కాగితం మీద కూడా పేరు ఉండదు.

దీనికి పెద్దలు చెప్పే మందు ఒకటుంది. ఆఫీసు మారమంటారు. రెండు మూడేళ్లు ఒకచోట రిజిస్ట్రేషను పని నేర్చుకో, అక్కణ్నుంచి బ్యాంకు ప్యానెల్ ఉన్న సీనియరు దగ్గరికి పో, తర్వాత నగరంలో పెద్ద లా ఫర్మ్‌లో చేరు, మారిన ప్రతిసారీ జీతం పెరుగుతుంది అంటారు. సలహా మంచిదే. అన్ని వృత్తుల్లోనూ మనుషులు పైకెక్కేది అట్లాగే. నా తగాదా సలహాతో కాదు. ఆ సలహా ఇచ్చేవాళ్లు, మారేవాడు తనతో ఏం తీసుకుపోగలడో చూడరు, నా తగాదా దానితోనే.

తీసుకుపోవడానికి ఏముంటుంది? క్లయింట్లా? బార్ కౌన్సిల్ నిబంధనల్లో 39వది, ఇప్పటికే ఒక లాయరు వకాల్తా ఉన్న కేసులో అతని సమ్మతి లేకుండా ఇంకొకడు హాజరు కాకూడదంటుంది. సమ్మతి రాకపోతే కోర్టు అనుమతి అడగాలి. ఊళ్లో ఉన్న అయిదారుగురు పెద్ద సీనియర్లలో ఒకాయనతో తగువు పెట్టుకుని కోర్టు అనుమతి అడిగే జూనియరు ఎవడు? ఫైలు మాత్రం క్లయింటుదే. ఫీజు బాకీ ఉన్నా లాయరు దాన్ని పట్టి ఉంచుకోకూడదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. క్లయింటుకు ఉన్న ఆ రక్షణ జూనియరుకు లేదు. వాడి చెమట ఏ ఫైలులో ఉందో అడిగే తీర్పు ఇంకా రాలేదు.

కొత్త క్లయింట్లను సంపాదించుకుందామా? 36వ నిబంధన ప్రకారం వకీలు ప్రకటన ఇచ్చుకోకూడదు. పెద్ద బోర్డు పెట్టకూడదు. వృత్తి గౌరవం అంటారు. బాగుంది. ప్రకటన లేనప్పుడు పని ఎట్లా వస్తుంది? పెళ్లిళ్లలో వస్తుంది. కులసంఘం మీటింగులో వస్తుంది. గుడి కమిటీలో, క్లబ్బులో, వియ్యంకుల మధ్య వస్తుంది. మామయ్య నోరే ప్రకటన. మామయ్య లేనివాడు గౌరవంగా ఖాళీగా కూర్చోవాలి. దళిత వకీళ్లూ ఇదే చెబుతున్నారు. నిబంధన అందరికీ ఒకటే, దాని బరువు అందరి భుజాల మీదా ఒకటి కాదు.

సరే, బెంగళూరు పోదాం. మదనపల్లె నుంచి 120 కిలోమీటర్లకు అటూ ఇటూ. చట్టం మాకు అడ్డు రాదు. 1961 అడ్వకేట్ల చట్టంలో 30వ సెక్షను, దేశంలో ఎక్కడైనా ప్రాక్టీసు చేసే హక్కు, కాగితం మీద యాభై ఏళ్లు నిద్రపోయి 2011 జూన్ 15న లేచింది. తెలుగు వచ్చు, కన్నడం అర్థమవుతుంది, దక్కనీ ఇంటి మాట. పహణీ చదవడం, ఖాతా చూడడం నెలలో నేర్చుకుంటాడు. ఆంధ్ర సరిహద్దు భూములు కొనే కంపెనీలకు ఇంతకంటే ఎవరు కావాలి? ఉద్యోగం దొరుకుతుందనే అనుకుందాం. ఇల్లు?

టు-లెట్ బోర్డు చూసి లోపలికి పోతాడు. ఇల్లు బాగుంది, అద్దె కుదిరింది, అడ్వాన్సు కుదిరింది. పేరు చెబుతాడు. ‘అయ్యో, నిన్ననే ఇచ్చేశామండీ’. లేదంటే మాంసం వండుతారా అని ప్రశ్న. మాంసం తినే హిందువు అదే వీధిలో ఉంటాడు. పొద్దున రెండు వందల ఫ్లాట్ల అమ్మకం ఒప్పందాలు రాసి, సాయంత్రం రెండు గదుల అద్దె ఇంటికి వీధివీధీ తిరిగేవాణ్ని చూసి మీకు నవ్వు రావచ్చు. ఇంటి ఓనరు మతం చూసి ఇల్లు లేదంటే శిక్షించే కేంద్ర చట్టం ఏదీ లేదు. పైగా వేరే చట్టాలున్నాయి. గుజరాత్‌లో 1991 డిస్టర్బ్డ్ ఏరియాస్ చట్టం కింద, ప్రకటించిన పేటల్లో ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. అల్లర్లలో బెదిరించి అమ్మించకుండా తెచ్చామన్నారు. హిందువు ముస్లింకు అమ్మకుండా ఆపే గోడగా మారింది. తమ సొసైటీలో తమవాళ్లే ఉండాలన్న పార్సీల నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. ఇట్లాంటి నిబంధనలు ముసాయిదా రాయమని రేపు ఆ ఫర్మ్‌లో మావాడి టేబులు మీదే పెడతారు. రాస్తాడు. నెలాఖరుకు జీతం కావాలి కదా.

ఇంత చెప్పినా కొందరు సెక్యులర్ మిత్రులకు ఇది మత సమస్యగానే కనిపిస్తుంది, వృత్తి సమస్యగా కనిపించదు. వాళ్లను ఒక సంగతి అడుగుతాను. రాష్ట్రంలో భూమి హక్కుల చట్టం తెచ్చి 2023 అక్టోబరు 31 నుంచి అమల్లో పెట్టారు. భూమి ఎవరిదో ముందుగా తేల్చేది అధికారి, సివిల్ కోర్టుకు పోయే వీలు లేదు. వకీళ్లు భగ్గుమన్నారు. 2023 డిసెంబరు, 2024 జనవరిలో కోర్టులు బహిష్కరించారు. టెంట్లు వేశారు. మావాళ్లూ ఆ టెంట్లలో కూర్చున్నారు, నినాదాలిచ్చారు. హక్కు తేల్చాల్సింది కోర్టు, అధికారి కాదు, ఇదే నినాదం. న్యాయమైన మాట. 2024 జూలైలో అసెంబ్లీ ఆ చట్టాన్ని రద్దు చేసింది. సంతోషం.

2025 ఏప్రిల్ 8న వక్ఫ్ సవరణ చట్టం అమల్లోకి వచ్చింది. అందులో 3సి సెక్షను ఏమంటుంది? ఒక భూమి వక్ఫ్‌దా ప్రభుత్వానిదా అని వివాదం వస్తే ప్రభుత్వం పెట్టిన అధికారే తేలుస్తాడు. తేల్చేదాకా అది వక్ఫ్ కాదు. అధికారి ప్రభుత్వం మనిషి, వివాదంలో ఒక పక్షం ప్రభుత్వం. అదే విషం, అదే సీసా. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో ఆ సెక్షనులోని ముఖ్యమైన భాగాలను నిలిపేస్తూ, హక్కు తేల్చే పని అధికారికి అప్పగించకూడదంది. మన టెంట్లలో మనం అరిచిన మాటే. మరి దీనికి ఎన్ని టెంట్లు పడ్డాయి? మొదటిది వకీళ్ల సమస్య, రెండోది ముస్లింల సమస్య ఎట్లా అయింది? నాకు జవాబు కావాలి.

ఇప్పుడు మావాళ్ల వైపు తిరుగుతాను. ఇది కొంచెం చేదుగా ఉంటుంది.

వక్ఫ్ గొడవ మొదలైనప్పటి నుంచి ప్రతి జమాత్ పెద్దా ముస్లిం వకీలు కనిపిస్తే చాలు, నువ్వు వక్ఫ్ కేసులు చూడు బేటా, కౌమ్ ఖిద్మత్ చెయ్యి అంటున్నాడు. ఫీజు మాట ఎత్తితే ఖిద్మత్ అంటాడు. సచార్ కమిటీ 2006లో చెప్పింది, దేశంలో 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు, ఆరు లక్షల ఎకరాలు అని. అవన్నీ ఎట్లా పోయాయి, పోతున్నాయి? వక్ఫ్ చట్టం తెలియక కాదు. సర్వేలో సబ్‌డివిజన్ అయినప్పుడు ఎవరూ చూడలేదు. అడంగల్‌లో అనుభవదారు గడిలో ఇంకొకడి పేరు ఎక్కినప్పుడు చూడలేదు. ముతవల్లీయే లీజు పేరుతో రాసిచ్చినప్పుడు చూసీ చూడనట్టున్నారు. ఇంతకాలం కాలపరిమితి చట్టం వక్ఫ్ ఆస్తికి అడ్డు రాదని 107వ సెక్షను కాపాడింది. 2025 సవరణ దాన్ని తీసేసింది. ఇక పన్నెండేళ్లు కూర్చున్నవాడు నాదే అనడానికి దారి దొరికింది. 2025 జూన్ 6న ఉమీద్ పోర్టలు తెరిచి ఆరు నెలల్లో అన్ని ఆస్తులూ ఎక్కించమన్నారు. ఎక్కించడానికి కూర్చుంటే తెలిసింది, మసీదు ఉంది, దర్గా ఉంది, సర్వే నంబరు ఎవరికీ తెలియదు!

ఈ పని చేయగలిగేది ఎవడు? బిల్డరు ఆఫీసులో వెయ్యి టైటిళ్లు చూసినవాడు. భూమి ఎట్లా మింగుతారో మింగేవాళ్ల పక్కన కూర్చుని చూసినవాడు. వక్ఫ్ ఒక్కటే తెలిసిన వకీలు వక్ఫ్‌ను కూడా కాపాడలేడు. అందుకే అంటున్నాను, మా కుర్రాళ్లను మసీదు గుమ్మం దగ్గరే నిలబెట్టకండి. బ్యాంకుల పనికి పోనివ్వండి, కంపెనీల పనికి పోనివ్వండి, మూడు ఆఫీసులు మారనివ్వండి. వాడు పెద్ద ఫర్మ్‌కు పోయాడని కౌమ్‌కు దూరమయ్యాడనకండి.

కువైటు డబ్బుల సంగతి ఇంకో చేదు. రాయచోటి నుంచి, మదనపల్లె నుంచి, మా మండలం నుంచి వెళ్లినవాళ్లు ఎండలో చెమటోడ్చి పంపిన డబ్బు ప్లాట్లలో పడుతుంది. జీపీఏ మీద కొంటారు. జీపీఏ అమ్మకంతో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పి ఇన్నేళ్లయింది. డీకేటీ భూమిలో వేసిన లేఅవుట్లో కొంటారు. కొన్నాక నిషేధిత జాబితాలో నంబరు కనిపిస్తే ఏడుస్తారు. కొనేముందు కాగితాలు ఎవరికి చూపించారు? చూపిస్తే పెద్ద లాయరుకు చూపిస్తారు. మనవాడు చిన్నోడు, మనవాడికేం తెలుసు అంటారు. ఆ పెద్ద లాయరు దగ్గర ఆ కాగితం చదివింది ఆ చిన్నోడేనని వాళ్లకు తెలియదు. అదే మనిషి తలాక్ గొడవకూ, పోలీసు స్టేషన్ పంచాయితీకీ మాత్రం మనవాడి ఇంటి తలుపే కొడతాడు, అర్ధరాత్రి, ఫీజు లేకుండా. బయటివాడు మమ్మల్ని సాయిబుల ఫైలుకు కట్టేశాడని ఇంతసేపూ అన్నాను. మనం మాత్రం ఏం చేశాం?

ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. ఇప్పుడిప్పుడే మా ఇళ్లల్లో అమ్మాయిలు లా చదువుతున్నారు. మన ఫాతిమా బీవీ 1950లో కొల్లంలో వకీలుగా మొదలుపెట్టి 1989లో సుప్రీంకోర్టు మొదటి మహిళా జడ్జి అయిందని మీటింగుల్లో చెప్పుకుంటాం. మన అమ్మాయిని మాత్రం ఫ్యామిలీ కోర్టు దాటనివ్వం. తహశీల్దారాఫీసుకా, సర్వేయరుతో పొలం గట్టు మీదికా, తోబా! అబ్బాయి ఆఫీసు మారితే ఎదిగాడంటారు. అమ్మాయి ఊరు మారతానంటే నికా మాట ఎత్తుతారు. అసలు భయం వేరే ఉందని నా అనుమానం. ఖురాన్ కూతురికి వాటా రాసింది. మనం దాన్ని హక్కు విడుదల పత్రంతో, ఒక చీరతో, నాలుగు పండ్లతో ముగిస్తున్నాం. ఆ పత్రం చదవగల అమ్మాయి ఇంట్లో ఉంటే మొదటి నోటీసు ఎవరికి వస్తుందో అన్నలకు బాగా తెలుసు.

సీనియర్లను మేము దానం అడగడం లేదు. ఒపీనియను ఎవరు తయారుచేశారో ఆ కాగితం మీదే పేరు రాయండి, సీనియరు సంతకం పక్కన. సాయిబుల ఫైళ్లతో పాటు మిగతా ఫైళ్లూ ఇవ్వండి, క్లయింటు వచ్చినప్పుడు కుర్చీ వేయండి. వెళ్లిపోతానన్నవాడికి ఏయే పనులు చేశాడో రాసిన ఉత్తరం చేతిలో పెట్టండి, తనతో పోతానన్న క్లయింటుకు సమ్మతి ఇవ్వండి. జమాత్ పెద్దలు ఖిద్మత్‌కు ఫీజు కట్టండి. కువైటు అన్నలు అడ్వాన్సు ఇవ్వకముందే కాగితాల సంచి తెచ్చి ఆ చిన్నోడి టేబులు మీద పెట్టండి, వాడు అడిగిన డబ్బులు వాడికివ్వండి. వాడు సంతకం చేస్తాడు.